కుడి వైపే కాదు.. ఎడమ వైపూ గాలి ఉంది!

పొద్దున్నే ఏ స్విమ్మింగ్ పూల్‌కైనా వెళ్లి గట్టు మీద ఐదు నిమిషాలు కూర్చోండి. ఫ్రీస్టైల్ కొట్టేవాళ్లలో చాలామంది ప్రతిసారీ ఒకే వైపు తల తిప్పి ఊపిరి తీసుకుంటుంటారు. ఒక లెంగ్త్ అవ్వగానే గోడ పట్టుకుని రొప్పుతుంటారు. 'నాకు స్టామినా లేదు బాస్' అనేది అక్కడ కామన్ డైలాగ్. పార్కులో అరగంట ఆగకుండా పరిగెత్తేవాళ్లు కూడా 25 మీటర్లకే ఆ మాట అనేస్తారు. మరి ఆ స్టామినా నీళ్లలోకి దిగగానే ఎటు పోయింది?

ఎటూ పోలేదు. చాలాసార్లు తేడా ఊపిరి తీసుకోవడంలో కాదు, వదలడంలో ఉంటుంది. అలవాటు లేని రెండో వైపు తల తిప్పి చూడండి, ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది. మూడు బారలకోసారి, ఓసారి కుడికి, ఓసారి ఎడమకి తిరిగి ఊపిరి తీసుకోవడాన్నే బైలాటరల్ బ్రీతింగ్ అంటారు.

రొప్పు ఎందుకొస్తుంది?

ఈదేటప్పుడు 'ఊపిరాడట్లేదు' అనిపించేది ఎక్కువగా ఆక్సిజన్ తగ్గి కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, తల తిప్పిన ఆ కాస్త టైమ్‌లోనే పాత గాలి వదిలి కొత్త గాలి పీల్చాలని చూస్తే రెండూ సగం సగమే అవుతాయి. నాలుగుసార్లు అలా జరిగితే కంగారు మొదలు. కంగారులో తల పైకి లేస్తుంది, కాళ్లు కిందికి దిగిపోతాయి. ఇక అది ఈత కాదు, నీళ్లతో కుస్తీ.

ఊళ్లో బావిలోనో చెరువులోనో బెండ్లు కట్టుకుని నేర్చుకున్నవాళ్లకు నీళ్లంటే భయం ఉండదు. కానీ అక్కడ చాలామంది తల పైకెత్తే ఈదుతారు. ముఖం నీళ్లలో పెట్టి బుడగలు వదలడం వాళ్లూ కొత్తగా నేర్చుకోవాల్సిందే.

400 సార్లు ఒకే వైపు

చిన్న లెక్క వేద్దాం. 25 మీటర్లకు 20 బారలు వేస్తారనుకోండి. కిలోమీటరుకు 800. రెండు బారలకోసారి ఊపిరి అంటే మెడ 400 సార్లు ఒకే వైపు తిరుగుతుంది. కుడికి తిరిగిన ప్రతిసారీ ముందుకు చాచిన ఎడమ చెయ్యి సపోర్ట్ కోసం నీటిని కిందికి నొక్కుతుంది. రోజూ అదే చెయ్యి, అదే భుజం. ఒళ్లు కూడా ఒక వైపే బాగా తిరిగి, రెండో వైపు బిగుసుకుని ఉంటుంది. అందుకే లేన్‌లో గీత మీద వెళ్లాల్సినవాళ్లు పక్కకు జరిగిపోతుంటారు.

పూల్‌లో ఇది చిన్న ఇబ్బందే. సముద్రంలో అలా కాదు. అలలు కుడి నుంచి కొడుతుంటే అటు నోరు తెరిస్తే ఉప్పునీళ్లే. ఎండ ఒక వైపు కళ్లలో పడుతుంది, తోడు వచ్చే పడవ ఇంకో వైపు ఉంటుంది. 2021 మార్చిలో గోలి శ్యామల శ్రీలంక నుంచి ధనుష్కోడికి పాక్ జలసంధిని ఈదారు. దాదాపు 30 కిలోమీటర్లు, 13 గంటలకు పైగా నీళ్లలోనే. అంతసేపు ఈదేటప్పుడు గాలి ఒక వైపే దొరుకుతుందంటే కుదరదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, బ్యాకప్ లేని సర్వర్ మీద యాప్ నడిపినట్టే.

ఎలా మొదలుపెట్టాలి?

గోడ దగ్గర: లోతు తక్కువ ఉన్న చోట గోడ పట్టుకుని ముఖం నీళ్లలో పెట్టండి. ముక్కుతో, నోటితో మెల్లగా బుడగలు వదలండి. ఎడమకు తిరిగి గాలి పీల్చి మళ్లీ లోపలికి. కుడి చెవి నీళ్లలోనే ఉండాలి. 20 సార్లు చేయండి.

పక్కకు ఒరిగి: కుడి చెయ్యి ముందుకు చాచి, ఎడమ చెయ్యి తొడకు ఆనించి, కుడి పక్కకు ఒరిగి కాళ్లు మాత్రమే ఆడించండి. ఫిన్స్ ఉంటే ఇంకా సులువు. తల ఒక్కటే కాదు, భుజం, నడుము కలిసి తిరగాలి.

వెళ్లేటప్పుడు కుడి, వచ్చేటప్పుడు ఎడమ: రెండు బారలకోసారే ఊపిరి. సరిగ్గా చేస్తే రెండుసార్లూ పూల్‌లో ఒకే పక్క గోడ కనిపిస్తుంది.

ఆ తర్వాతే మూడు బారలు: స్పీడు తగ్గించి ఒక్కో లెంగ్త్ పెంచుకుంటూ వెళ్లండి.

తల తిప్పినప్పుడు ఒక గాగుల్ నీళ్లలో, ఒకటి బయట ఉంటే కరెక్ట్. పైకప్పు కనిపిస్తోందంటే ఎక్కువ తిప్పినట్టు. ముందుకు కదిలే తల పక్కన నీరు కాస్త పల్లంగా ఉంటుంది, నోటికి ఆ సందు చాలు. మొదట్లో నీళ్లు మింగుతారు, మామూలే. నాకు ఎడమ వైపు కుదరడానికి ఆరు వారాలు పట్టింది.

మరి ఛాంపియన్లు?

2012 నుంచి 2024 దాకా వరుసగా నాలుగు ఒలింపిక్స్‌లో 800 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం గెలిచిన కేటీ లెడెకీ ఎక్కువగా కుడి వైపే ఊపిరి తీసుకుంటుంది. రేసులో ఆక్సిజన్ ఎక్కువ కావాలి కాబట్టి రెండు బారల పద్ధతే చాలామందికి నప్పుతుంది. అంటే మూడు బారలన్నది చట్టం కాదు. ప్రాక్టీస్‌లో రెండు వైపులా వస్తే, రేసులో ఏ వైపు కావాలో మీరే ఎంచుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఇది ఊపిరి బిగబట్టే పోటీ కాదు. గబగబా పది సార్లు గాలి పీల్చి ఎక్కువసేపు మునిగి ఉండాలని చూస్తే, 'ఊపిరి కావాలి' అనే సిగ్నల్ రాకముందే స్పృహ తప్పొచ్చు. ఈత బాగా వచ్చినవాళ్లకూ ఇలా ప్రాణాల మీదికి వస్తుంది. మూడు బారలు ఇబ్బందిగా ఉంటే వెంటనే రెండుకు వచ్చేయండి. లైఫ్‌గార్డ్ లేని చోట ఒంటరిగా ప్రాక్టీస్ వద్దు.

ఈసారి పూల్‌కు వెళ్తే వార్మప్‌లో నాలుగు లెంగ్త్‌లు రెండో వైపుకి ఇవ్వండి. పక్క లేన్‌లో స్కూలు పిల్లలు మిమ్మల్ని దాటేస్తారు. దాటనివ్వండి. మీరు మాత్రం బుడగలు వదలడం ఆపకండి.