కెరటమును చిత్రించుట

పర్వతము చిత్రకారునికొఱకు నిలుచును. చెట్టు కొంతసేపైనను నిలుచును. కెరటము మాత్రము నిలువదు. రంగు కలుపునంతలో అది విఱిగి, నురుగై వెనుకకు పోవును. అట్టిదానిని పటముమీద నిలుపుట యెట్లు?

కుంచె పట్టుటకు ముందు చాలసేపు చూడవలెనని నా మతము. కెరటము తన యిచ్చవచ్చినట్లు విఱుగదు. దానికొక నియమము కలదు. లోతు తగ్గినకొలది దాని వేగము తగ్గును. వెనుకటి నీరు వచ్చి కూడుకొనగా కెరటము నిటారుగా లేచును. శిఖరము అడుగుకంటె ముందునకు పోయి తలక్రిందగును. నీటిలోతు కెరటపుటెత్తునకు ఇంచుమించు 1.3 రెట్లయినచోట ఇది జరుగును. కావున ఒకే బండలకడ కెరటములు ఇంచుమించు ఒకే తీరున విఱుగును. ఇరువదింటిని చూచినవానికి ఇరువదియొకటవది క్రొత్తది కాదు. అందుచే నేను మొదట బండలనే గీయుదును. కెరటమునకు ఆకృతి నిచ్చునవి అవియే.

ఇక రంగు. మన విశాఖపట్టణపు తీరము తూర్పుమొగమై యున్నది. ప్రొద్దున సూర్యుడు కెరటము వెనుక నుండును. శిఖరమున నీరు పలుచన గనుక వెలుగు దానిగుండ వచ్చి ఆకుపచ్చని గాజువలె మెఱయును. సాయంకాలము సూర్యుడు మన వీపువైపునకు పోవును, ఆ మెఱుపుండదు. వేళ నెఱిగి కూర్చుండవలెను.

నురుగు తెల్లనిదని అందఱు నెఱుగుదురు. చిత్రము చెడునది అచ్చటనే. నీడలోని నురుగున ఆకాశపు నీలమును, కొంత బూడిదవన్నెయు నుండును. అచ్చమైన తెలుపును ఎండ సూటిగా తగులు చోటికే దాచియుంచవలెను. అంతటను తెలుపు పూసినచో కెరటము దూదికుప్ప యగును. తడిసిన బండ పొడిబండకంటె నల్లన. ఆ నలుపు ప్రక్కనే నురుగు వెలుగును. తుంపర లేచినచోట బండ యంచు కానరాదు. దానిని మనమును గీయరాదు.

విడుచుటయు నీ విద్యలో భాగమే. అమెరికా చిత్రకారుడు విన్‌స్లో హోమర్ 1883 మొదలు 1910లో మరణించువఱకు మెయిన్ రాష్ట్రమున ప్రౌట్స్ నెక్ అను రాతితీరమున నివసించెను. ఆయన 1895లో ‘నార్త్ఈస్టర్’ అను తుపానుచిత్రమును వ్రాసెను. మొదట అందు బండలమీద ఇరువురు మనుష్యులు ఒదిగి కూర్చుండియుండిరి. 1901 నాటికి ఆయన వారిని తుడిచివేసి, లేచిపడు తుంపరను పెద్దదిగా చేసెను. ఆ పటమున నేడు బండయు, నీరును మాత్రమే యున్నవి. అయినను చూచువాడు ఆ ఇరువురి స్థానమున తానే నిలిచినట్లు తలచును.

శ్రోతలారా, తీరమునకు పోయినప్పుడు రంగులు లేకున్నను ఇరువది కెరటములను లెక్కించి చూడుడు. చిత్రములో సగము అప్పుడే వ్రాసినవారగుదురు.