చెవి ఆపరేషన్ అయ్యాక అసలు పని

ఏడాది నిండినా పిలిస్తే తిరగని బిడ్డను చూసి, “మాటలు జర ఆలస్యమైతయి తియ్యి, వాళ్ల నాయనకూ గట్లనే వచ్చినయి” అంటూ ఇంట్లో పెద్దలు ధైర్యం చెబుతారు. ప్రేమతో చెప్పిన ఆ మాటే బిడ్డకు విలువైన నెలలను దూరం చేస్తుంది.

లోపలి చెవిలో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా ఉంటుంది. అందులో శబ్దాన్ని సంకేతంగా మార్చి నాడికి అందించే లోపలి రోమకణాలు సుమారు 3,500. పుట్టుకతోనే అవి పనిచేయకపోతే, మామూలు వినికిడి యంత్రం శబ్దాన్ని ఎంత పెంచినా లాభం అంతంతే. కాక్లియర్ ఇంప్లాంట్ ఆ కణాలతో పని లేకుండా నాడినే నేరుగా కదిలిస్తుంది. చెవి వెనక ప్రాసెసర్ శబ్దాన్ని విడగొట్టి, చర్మం కింద అమర్చిన పరికరానికి రేడియో తరంగాలతో పంపుతుంది. అక్కడి నుంచి కాక్లియాలోకి వెళ్లిన సన్నని తీగ మీద ఉండేవి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు. వేల కణాల పని ఈ కొన్ని బిందువులే చేయాలి! ఆ కొత్త సంకేతాలకు అర్థం కట్టుకోవాల్సింది మెదడే. మొదటి మూడేళ్లలో ఆ పని అది చురుగ్గా చేస్తుంది. ఆలస్యమైతే, శబ్దం అందని మెదడు భాగం చూపు పనికో స్పర్శ పనికో మళ్లిపోతుంది.

2007లో మొదలైన ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం వల్ల ఈ ఖరీదైన ఆపరేషన్ పేద పిల్లలకూ అందింది. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలోనూ చేస్తారు. మేనరికపు ఇళ్లలో పుట్టుచెవుడు ఎక్కువ కనుక, అలాంటి ఇంట పుట్టిన బిడ్డ నిద్రలో ఉండగానే వినికిడిని చూసే ఓఏఈ పరీక్ష చేయించాలి. కొద్ది నిమిషాల పని, నొప్పి ఉండదు. అనుమానం తేలితే, దాన్ని నిర్ధారించే బెరా పరీక్ష.

ఆపరేషన్ గాయం మానాక, కొన్ని వారాలకు మిషన్ ఆన్ చేస్తారు. కొందరు పిల్లలు బెదిరి ఏడుస్తారు. అక్కడి నుంచి ఏళ్ల తరబడి స్పీచ్ థెరపీ. కోరుట్ల నుంచి వారం వారం హైదరాబాద్ పోయి రావడమంటే కూలి పోగొట్టుకోవడమే. అందుకే ఇంటి మాటకు అంత విలువ. చాట ముందు కూర్చుని బీడీలు చుట్టే తల్లి “ఇగో బిడ్డా, ఆకు. ఇగో, దారం” అని చెబుతూ పోతే అదీ థెరపీయే. సిరిసిల్లలో మాత్రం సాంచాల (మరమగ్గాల) సప్పుడు పెద్ద ఆటంకం. రొదలోంచి మాటను వేరు చేయడం ఇంప్లాంట్‌తో చాలా కష్టం. సాంచాలకు దూరంగా, తలుపు వేసి, దగ్గరగా కూర్చుని మాట్లాడాలి.

ప్రాసెసర్ వైరు తెగినా, బ్యాటరీ అయిపోయినా బిడ్డకు మళ్లీ ఏమీ వినపడదు. ఆ వైరు, ఆ రిపేరు, ఆ థెరపిస్టు జిల్లా ఆసుపత్రిలోనే దొరకాలి.