కంప్యూటర్‌లో అలలకు తుంగ గట్టు

తొట్టిలో రాయి వేస్తే అలలు గోడకు తగిలి తిరిగొస్తాయి. తుంగ దట్టంగా పెరిగిన చెరువు ఒడ్డున అవే అలలు అణగిపోతాయి. సెల్‌ఫోన్ ఏంటెనాను తయారీకి ముందే కంప్యూటర్‌లో పరీక్షించే ఇంజనీర్లకూ ఇదే చిక్కు. రేడియో తరంగానికి బయట హద్దు లేదు. కంప్యూటర్ లెక్కకు మాత్రం ఎక్కడో ఒకచోట హద్దు పెట్టక తప్పదు. ఆ హద్దుకు తగిలి తరంగం వెనక్కి మళ్లిందా, లెక్కంతా తప్పు. దాన్ని నమ్మి చేసిన ఏంటెనా సిగ్నల్‌ను సరిగా అందుకోదు.

1994లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు బెరెంజె, తరంగాన్ని తిప్పికొట్టకుండా మింగివేసే పొరను లెక్కల్లో రూపొందించారు. తుంగ గట్టు వంటిదే అనుకోండి. అయితే పొరను ఏంటెనాకు మరీ ఆనించి పెడితే అసలు శక్తినీ మింగుతుంది. 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 33 సెంటీమీటర్లు. అందులో పావు వంతు, సుమారు 8 సెంటీమీటర్లయినా ఎడం ఉంచడం వాడుక. ఎడం పెంచితే లెక్కకు ఎక్కువసేపు పడుతుంది. అయినా ఒకసారి పెంచి చూడాల్సిందే. జవాబు మారకపోతేనే ఏంటెనా తయారీకి పంపుతారు.