కంచంలో అన్నం వాటా ఎంత?

మాంసం ముట్టని ఇళ్లలోనూ షుగర్ వస్తోంది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం టీ బిస్కెట్లు, రాత్రి మళ్లీ అన్నం. ఇదీ శాకాహారమే. కాబట్టి మొక్కల ఆహారంతో మధుమేహం అదుపులోకి వస్తుందని ఎవరైనా అంటే, ఏవి తినాలి, ఏ పాళ్లలో తినాలి అని ముందు అడగాలి.

అమెరికాలో డాక్టర్ నీల్ బర్నార్డ్ బృందం టైప్-2 మధుమేహం ఉన్న 99 మందితో 22 వారాల అధ్యయనం చేసింది. ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఒక జట్టు కూరగాయలు, పండ్లు, పప్పులు, ముడిధాన్యాలు తిన్నది. పాలు, గుడ్లు కూడా లేవు. నూనె బాగా తగ్గించారు. ఎంత తినాలన్న లెక్క మాత్రం పెట్టలేదు. రెండో జట్టు అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సూచించిన ఆహారం తీసుకుంది. మొదటి జట్టువారు సగటున 6.5 కిలోలు తగ్గారు, రెండో జట్టువారు 3.1 కిలోలు. మందులు మార్చనివారిలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల చక్కెర సగటును తెలిపే పరీక్ష) మొదటి జట్టులో 1.23 పాయింట్లు, రెండో జట్టులో 0.38 పాయింట్లు తగ్గింది. చిన్న అధ్యయనమే. అయినా కొలత లేకుండా తింటూనే బరువు తగ్గారన్నది గమనించదగ్గ విషయం.

బరువు తగ్గితే షుగర్ ఎందుకు తగ్గుతుంది? కాలేయంలో, కండరాల్లో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్ ఉన్నా కణాలు సరిగా స్పందించకపోవడం) పెరుగుతుంది. చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది. కాలేయం అవసరానికి మించి చక్కెరను వదులుతుంది. బరువు తగ్గితే కాలేయంలోని కొవ్వు త్వరగా కరుగుతుంది. మనలో సన్నగా కనిపించేవారికీ పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది. అందుకే నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోమంటారు. బరువు తగ్గడానికి పీచు సాయపడుతుంది. తక్కువ కేలరీలతో పొట్ట నింపుతుంది. కొన్ని రకాల పీచు పేగుల్లో జిగురుగా మారి, చక్కెర రక్తంలో చేరే వేగాన్ని తగ్గిస్తుంది.

పాలిష్ బియ్యంలో ఆ పీచు చాలా తక్కువ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం మించకూడదు. మన కంచంలో అన్నం గుట్టగా ఉంటుంది, పక్కన చెంచాడు కూర. ఈ పాళ్లు తారుమారు కావాలి. గరిటెడు అన్నం, దానికి రెండింతలు గోరుచిక్కుడో బీరకాయో, గట్టిగా వండిన తోటకూర పప్పు. ముందు కూర తిని తర్వాత అన్నం కలుపుకుంటే, భోజనం తర్వాత షుగర్ అంతగా ఎగబాకదు. బంగాళాదుంప వేపుడును ఈ కూరల్లో లెక్కెయ్యకూడదు. అదీ పిండిపదార్థమే. పైగా పెద్ద చెంచాడు నూనెలోనే సుమారు 120 కేలరీలుంటాయి. రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు తింటే ఒరిగేది పెద్దగా లేదు. రాగులు మంచివే, కానీ మెత్తటి పిండితో కాచిన జావ త్వరగా అరిగి చక్కెరను పెంచుతుంది.

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారు డాక్టరుకు చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకూడదు. పాత మోతాదు మందుకు కొత్త భోజనం చాలక, షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి పప్పు, ఆకుకూరల మోతాదు డాక్టరే నిర్ణయించాలి. పాలు, గుడ్లు కూడా మానేసినవారికి బీ12 విటమిన్ అందదు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా దాన్ని తగ్గిస్తుంది. అలాంటివారు అరికాళ్ల తిమ్మిర్లను షుగర్ ఖాతాలో వేసి ఊరుకోకుండా బీ12 పరీక్ష చేయించుకోవాలి.