పిసకని పిండీ పొంగుతుంది: ఇంటి బ్రెడ్‌పై అపోహలు – వాస్తవాలు

బొబ్బట్లు చేసే ఇళ్లలో ఒక సంగతి అందరికీ తెలుసు. తోపు పిండిని జారుగా కలిపి, నూనె పోసి, రెండు మూడు గంటలు నాననివ్వాలి. కలిపిన వెంటనే లాగితే పుటుక్కున తెగే ఆ ముద్ద, నానిన తర్వాత అరిటాకు మీద పల్చటి పొరలా సాగుతుంది. ఆ రెండు గంటల్లో దాన్ని ఎవరూ పిసకలేదు. నీళ్లూ సమయమూ కలిసి చేసిన పని అది. ఇంట్లో బ్రెడ్ చేసుకోవడానికి జంకేవాళ్లు ఈ అనుభవాన్ని గుర్తుచేసుకుంటే చాలా భయాలు వాటంతట అవే తొలగిపోతాయి.

అపోహ: పావుగంట గట్టిగా పిసకకపోతే బ్రెడ్ పొంగదు.

వాస్తవం: గోధుమల్లో గ్లూటెనిన్, గ్లయాడిన్ అనే మాంసకృత్తులు ఉంటాయి. నీళ్లు తగిలితే అవి పెనవేసుకుని గ్లూటెన్ అనే సాగే వలగా మారతాయి. ఈస్ట్ వదిలే కార్బన్ డయాక్సైడ్ ఆ వలలో చిక్కుకోవడం వల్లే పిండి పొంగుతుంది. పిసికితే ఈ అల్లిక త్వరగా పూర్తవుతుంది. పిసకకపోయినా ఆగదు, నిదానంగా సాగుతుంది. పిండిలోని ఎంజైములు బిగుసుకున్న పోగులను వదులు చేస్తాయి. లోపల పుట్టే బుడగలు వాటిని కొద్దికొద్దిగా సాగదీస్తాయి.

న్యూయార్క్‌లో సల్లివన్ స్ట్రీట్ బేకరీ నడిపే జిమ్ లేహీ పిసకకుండా బ్రెడ్ చేసే ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. 2006 నవంబరులో మార్క్ బిట్‌మన్ న్యూయార్క్ టైమ్స్‌లో రాశాక ఇది దేశదేశాల వంటిళ్లకు చేరింది. లేహీ 2009లో తెచ్చిన ‘మై బ్రెడ్’ పుస్తకంలోని కొలత ఇది: పిండి 400 గ్రాములు, నీళ్లు 300 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 1 గ్రాము, అంటే పావు టీస్పూను. గరిటెతో కలిపి మూతపెట్టడమే మన పని.

అపోహ: పిసకని బ్రెడ్ ఈమధ్య పుట్టిన సోమరి చిట్కా.

వాస్తవం: బ్రిటన్‌లో డోరిస్ గ్రాంట్ 1940లలోనే పిసకని ముడి గోధుమపిండి బ్రెడ్‌ను ప్రచారం చేశారు. ఫ్రాన్సు బేకింగ్ గురువు రేమండ్ కాల్వెల్ పిండినీ నీళ్లనూ కలిపి కాసేపు వదిలేసే పద్ధతికి ‘ఆటోలీజ్’ అని పేరుపెట్టి, అలా చేస్తే పిసికే శ్రమ తగ్గుతుందని చూపించారు. పిండి నానాలన్న మాట మన పెద్దవాళ్లు చపాతీల దగ్గరా చెబుతూనే ఉన్నారు.

అపోహ: ఈస్ట్ ఎక్కువ వేస్తే ఎక్కువ పొంగుతుంది.

వాస్తవం: త్వరగా పొంగుతుంది, అంతే త్వరగా కుంగిపోతుంది కూడా. వల గట్టిపడేలోపే గాలి నిండిపోతే పిండి నిలవదు. పైగా ఈస్ట్ వాసన మిగులుతుంది. బ్రెడ్‌కు కమ్మదనం తెచ్చే ఆమ్లాలు, సువాసనలు నిదానంగా పులిసినప్పుడే పుడతాయి. ఇక ఈస్ట్ మాంసాహారమన్న సందేహం అక్కర్లేదు. అది పుట్టగొడుగుల్లాగే శిలీంధ్ర జాతికి చెందింది.

అపోహ: పిండి పొంగడానికి 18 గంటలని రాసి ఉంటే 18 గంటలూ ఉంచాలి.

వాస్తవం: మన ఇళ్లలో ఎక్కువ బ్రెడ్లు పాడయ్యేది ఇక్కడే. ఆ లెక్క సుమారు 21 డిగ్రీల సెల్సియస్ ఉండే గదికి. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో వంటగది అలా ఉండదు. వేసవిలో ఇడ్లీ పిండి ఎంత తొందరగా పులుస్తుందో, చలికాలంలో ఎంత మొరాయిస్తుందో మనకు తెలిసిందే. ఇక్కడా అదే తీరు. ఎండాకాలంలో ఆరేడు గంటలకే పిండి సిద్ధం కావచ్చు. కాబట్టి గడియారం కన్నా గిన్నెను నమ్మాలి. పిండి రెట్టింపై, పైన బుడగలు కనిపించి, గిన్నె వంచితే జిగురు పోగుల్లా సాగితే అయినట్టే. ఘాటైన పులుపు వాసన వచ్చి, మధ్యలో గుంటపడి నీరుకారిపోతే సమయం మించిందని అర్థం. ఎండలు ముదిరినప్పుడు చల్లటి నీళ్లతో కలిపి, గంట బయట ఉంచి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టడం మేలు.

అపోహ: చేతికి అంటుకుంటోందంటే పొడిపిండి కలపాలి.

వాస్తవం: చపాతీ ముద్ద గట్టిగా ఉండాలి, ఇది జారుగా ఉండాలి. నీళ్లు సరిపడా ఉంటేనే గ్లూటెన్ పోగులు కదిలి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పిసకకుండా కుదరడానికి అసలు కారణమే ఈ తడి. అంటుకుంటోందని పొడిపిండి కలుపుతూ పోతే బ్రెడ్ ఇటుకలా తయారవుతుంది. చెయ్యి తడుపుకుని నాలుగు అంచులనూ మధ్యకు మడిస్తే చాలు. అయితే ఒక జాగ్రత్త: మన మైదాలో మాంసకృత్తులు అమెరికా బ్రెడ్ పిండిలో కన్నా తక్కువ. అందుకే ముందు 280 గ్రాముల నీళ్లతో కలిపి, అవసరాన్ని బట్టి పెంచుకోండి.

అపోహ: ఉప్పు ఈస్ట్‌ను చంపుతుంది, చక్కెర లేకపోతే అది పనిచేయదు.

వాస్తవం: పిండి బరువులో రెండు శాతం ఉప్పు ఈస్ట్ వేగాన్ని కాస్త తగ్గిస్తుంది, చంపదు. రుచికీ, గ్లూటెన్ బిగువుకూ ఆ ఉప్పు కావాలి. చక్కెర వెయ్యకపోయినా, పిండిలోని ఎంజైములే పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి ఈస్ట్‌కు మేత అందిస్తాయి. ఈస్ట్‌ను నిజంగా చంపేది వేడి. మరిగే నీళ్లు పోస్తే అది బతకదు. పాత పొట్లంపై అనుమానముంటే గోరువెచ్చటి నీళ్లలో చిటికెడు చక్కెరతో కలిపి పది నిమిషాలు చూడండి. నురగ రాకపోతే పారేయండి.

అపోహ: ఇంట్లో చేసింది కాబట్టి ఎంత తిన్నా ఆరోగ్యమే.

వాస్తవం: మనం ఏం వేశామో మనకు తెలియడం పెద్ద లాభం. బ్రెడ్‌లో వాడుతూ వచ్చిన పొటాషియం బ్రోమేట్‌ను మన ఆహార భద్రతా సంస్థ 2016లో నిషేధించింది. ఇంటి బ్రెడ్‌కు అలాంటివేవీ అక్కర్లేదు. అయినా మైదా మైదాయే. 100 గ్రాముల మైదాలో పీచు సుమారు 3 గ్రాములు, గోధుమపిండిలో సుమారు 11 గ్రాములు. మైదా పేగులకు జిగురులా అతుక్కుంటుందన్నది మాత్రం నిజం కాదు, అది జీర్ణమవుతుంది. పూర్తిగా గోధుమపిండితో చేస్తే తవుడు ముక్కలు గ్లూటెన్ వలకు అడ్డుపడి బ్రెడ్ దట్టంగా వస్తుంది. మొదట సగం మైదా, సగం గోధుమపిండి వాడి, నీళ్లు కొంచెం పెంచండి.

అపోహ: బేకరీ ఓవెన్ లేనిదే కరకరలాడే పైపొర రాదు.

వాస్తవం: బేకరీ ఓవెన్లలో ఆవిరి పట్టించే ఏర్పాటు ఉంటుంది. మొదట్లో తడిగా ఉన్న పైపొర వెంటనే గట్టిపడదు కాబట్టి బ్రెడ్ ఇంకా పొంగుతుంది, తర్వాత నిగనిగలాడుతూ ఎర్రబడుతుంది. మూతున్న బరువైన ఇనప గిన్నెలో పెడితే పిండిలోని తడే ఆవిరై ఆ పని చేస్తుంది. మామూలు ఓటీజీ చాలు. గిన్నెను మూతతో సహా 230 డిగ్రీలకు అరగంట వేడిచేసి, మడిచాక మరో గంట నుంచి రెండు గంటలు పొంగనిచ్చిన ముద్దను అందులో వెయ్యండి. మూతపెట్టి 30 నిమిషాలు, మూత తీసి 15 నుంచి 30 నిమిషాలు కాల్చండి. అడుగున తడితే డొల్ల శబ్దం రావాలి. ప్లాస్టిక్ పిడి ఉన్న మూతలు, నాన్‌స్టిక్ గిన్నెలు ఇంత వేడికి పనికిరావు. కన్వెక్షన్ లేని మైక్రోవేవ్‌లో బ్రెడ్ ఎర్రగా కాలదు.

అపోహ: వేడివేడిగా కోసుకోవాలి, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టాలి.

వాస్తవం: ఓవెన్‌లోంచి తీశాక కూడా లోపల తడి సర్దుకుంటూనే ఉంటుంది. గంటలోపు కోస్తే ముక్క జిగటగా ఉండి ఉడకలేదనిపిస్తుంది. ఇక ఫ్రిజ్ చల్లదనంలో బ్రెడ్ త్వరగా గట్టిపడుతుంది. ఒకటి రెండు రోజుల్లో తినేది గుడ్డలో చుట్టి బయట ఉంచండి. మిగిలింది ముక్కలుగా కోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు కాల్చుకోండి.

మణికట్టు నొప్పితో పిండి పిసకలేని పెద్దవాళ్లకూ, రోజంతా పనిచేసి అలసి వచ్చేవాళ్లకూ ఈ పద్ధతి నిజంగా అందుబాటులో ఉంటుంది. ఈ రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు కేటాయించి పిండి కలపండి. ఎప్పుడు కలిపారో, ఎప్పుడు పొంగిందో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. మీ వంటింటికి సరిపోయే అసలైన కొలత ఆ కాగితం మీదే దొరుకుతుంది.