ముందే పాడైన గృహోపకరణం: మరమ్మతు ఖర్చు ఎవరిది?

గత భాగంలో వినియోగదారుడు, లోపం, సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అనే పదాల నిర్వచనాలు చదివారు. వాటిని పరీక్షలో రాయడం సులువే. కాని దుకాణంలో నిలబడి "వారంటీ అయిపోయిందండీ, మా చేతిలో ఏమీ లేదు" అనే మాట విన్నప్పుడు అవి గుర్తుకు రావడం కష్టం. అందుకే ఈ భాగంలో ఒకే ఒక వస్తువును, ఒక ఫ్రిజ్‌ను తీసుకొని, వినియోగదారుల రక్షణ చట్టం, 2019ను దానికి అన్వయించి చూద్దాం.

సిద్దిపేటలో ఒక అంగన్‌వాడీ టీచర్ 28,000 రూపాయలకు ఫ్రిజ్ కొన్నారనుకుందాం. మొత్తం వస్తువుకు 1 సంవత్సరం, కంప్రెసర్‌కు 10 సంవత్సరాలు వారంటీ. 15వ నెలలో చల్లదనం ఆగిపోయింది. కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి వచ్చిన టెక్నీషియన్ చూసి, "గ్యాస్ అయిపోయింది, నింపాలి" అన్నాడు. గ్యాస్, ఫిల్టర్, కూలి, విజిటింగ్ చార్జీ, పన్ను అన్నీ కలిపి 4,500 రూపాయలు అవుతుందన్నాడు. "పదేళ్ల వారంటీ ఉంది కదా" అని ఆమె అడిగితే, "అది కంప్రెసర్‌కు మాత్రమే మేడమ్" అని జవాబు వచ్చింది.

వారంటీ కార్డు, దాని హద్దు

టెక్నీషియన్ చెప్పింది అబద్ధం కాదు. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే 10 సంవత్సరాలు సాధారణంగా ఆ ఒక్క భాగానికే వర్తిస్తాయి. కంప్రెసర్ ఉచితంగా మార్చినా గ్యాస్, కూలి, రవాణా మనమే భరించాలని కార్డు వెనుక చిన్న అక్షరాల్లో ఉంటుంది. వోల్టేజి హెచ్చుతగ్గులు, ఎలుకలు కొరికిన వైర్లు, కంపెనీ గుర్తింపు లేని మెకానిక్ చేయి పెట్టడం వంటివి కూడా మినహాయింపుల్లో ఉంటాయి. ఈ పేరా రాసినవారు మన ఇళ్లను బాగా ఎరిగినవారే అనిపిస్తుంది.

అయితే వారంటీ అనేది కంపెనీ తనంతట తాను ఇచ్చిన హామీ. చట్టం మీకు ఇచ్చిన హక్కు అంతటితో ఆగదు. సెక్షన్ 2(10)లో లోపం నిర్వచనాన్ని మరొకసారి చూడండి. ఏదైనా చట్టం ప్రకారం గాని, వ్యక్తమైన లేదా గర్భితమైన ఒప్పందం ప్రకారం గాని, వ్యాపారి చెప్పుకున్న దాని ప్రకారం గాని వస్తువుకు ఉండవలసిన నాణ్యతలో, ప్రమాణంలో కొరత ఉంటే అది లోపమే. ఆ నిర్వచనంలో వారంటీ గడువు ప్రస్తావన లేదు. 'గర్భితమైన' అన్న మాట ముఖ్యం. వస్తువిక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 ప్రకారం, అటువంటి వస్తువులను అమ్మే వ్యాపారి వద్ద వర్ణనను బట్టి కొన్న వస్తువు అమ్మకయోగ్యమైన నాణ్యతతో ఉండాలన్న షరతు, కాగితంపై రాయకపోయినా, ఒప్పందంలో ఉన్నట్లే. కొనేముందు వస్తువును పరిశీలించి ఉంటే, ఆ పరిశీలనలో కనబడవలసిన లోపాలకు ఈ రక్షణ లేదు. కాని ఫ్రిజ్ గోడ లోపలి గొట్టాన్ని దుకాణంలో ఎవరు చూడగలరు?

ఇక్కడ మన చట్టంలోని ఒక బలహీనతను కూడా తెలుసుకోవాలి. ఫ్రిజ్ ఇన్ని సంవత్సరాలు పనిచేసి తీరాలని మన చట్టం ఎక్కడా చెప్పలేదు. ఐరోపా సమాఖ్యలో అమ్మకందారుకు కనీసం 2 సంవత్సరాల చట్టబద్ధ బాధ్యత ఉంది. మొదటి సంవత్సరంలో బయటపడిన లోపం అమ్మేనాటికే ఉన్నట్లు భావిస్తారు. కాదని నిరూపించవలసింది అమ్మకందారే. మన దేశంలో ఆ రుజువు భారం వినియోగదారుని మీద ఉంది. ఇది మారవలసిన విషయమని నా అభిప్రాయం. మారేవరకు, రుజువును సంపాదించే దారి మనం నేర్చుకోవాలి.

"గ్యాస్ అయిపోయింది" అంటే ఏమిటి?

ఆ దారి టెక్నీషియన్ నోటి మాట దగ్గరే మొదలవుతుంది. ఫ్రిజ్‌లోని గ్యాస్ బండిలోని పెట్రోలు వంటిది కాదు. అది ఖర్చు కాదు. కంప్రెసర్, గొట్టాలు, కాయిల్స్ కలిసిన మూసివున్న వలయంలో అదే వాయువు ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. కనుక గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారిందని అర్థం. ఎక్కడ కారిందో కనిపెట్టి మూయకుండా గ్యాస్ నింపితే అది మళ్లీ పోతుంది, మళ్లీ బిల్లు వస్తుంది.

ఎక్కడ కారింది అన్న ప్రశ్నకు జవాబే ఖర్చు ఎవరిదో తేలుస్తుంది. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మంచును కత్తితో గీకినప్పుడు కాయిల్‌కు చిల్లు పడితే తప్పు వాడినవారిది. అతుకు దగ్గర కారితే అతుకు వేసిన పనితనంపై అనుమానం. ఇప్పటి చాలా ఫ్రిజ్‌లలో వేడిని బయటకు వదిలే గొట్టాలు పక్క గోడల లోపల, ఫోమ్ వెనుక ఉంటాయి. పక్కలు వెచ్చగా తగలడానికి కారణం అదే. అక్కడ కారితే దాన్ని వాడినవారికి అంటగట్టడం కష్టం, ఎందుకంటే అక్కడికి ఇంటివారి చేయి పోదు.

కాబట్టి మన టీచర్ అడగవలసిన మొదటి ప్రశ్న "ఎంత తగ్గిస్తారు?" కాదు. "ఎక్కడ కారింది, ఎందుకు కారింది, జాబ్ షీట్‌లో రాయండి" అని అడగాలి. 'నాట్ కూలింగ్, గ్యాస్ చార్జింగ్' అని రెండు ముక్కలు రాసి ఇచ్చే కాగితం రేపు ఎవరికీ ఉపయోగపడదు. ఫ్రిజ్ వెనుక అతికించిన పలకపై గ్యాస్ రకం, పరిమాణం గ్రాములలో ఉంటాయి. కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్-600ఎ కొన్ని పదుల గ్రాములే పడుతుంది. ఎన్ని గ్రాములు నింపారో, దాని ధర ఎంతో, కూలి ఎంతో విడివిడిగా బిల్లులో రాయించుకోండి. ఆర్-600ఎ మండే వాయువు. అందుచేత డబ్బు మిగులుతుందని అనుభవం లేని మెకానిక్‌కు ఆ పని అప్పగించవద్దు. అలా అప్పగిస్తే రుజువు కూడా చెరిగిపోతుంది.

డబ్బు కట్టాలా, ఆగాలా?

ఎండాకాలంలో పిల్లలున్న ఇంట్లో ఫ్రిజ్‌ను నెలల తరబడి మూలన పెట్టి పోరాడమని నేను చెప్పను. కారిన చోటు రాయించుకొని, ఫోటోలు తీసుకొని, "హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని జాబ్ షీట్‌పై రాసి డబ్బు కట్టవచ్చు. మార్చిన పాత భాగాన్ని ఇవ్వమని అడగాలి. ఆ తరువాత కంపెనీకి, దుకాణానికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు పంపాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. హెల్ప్‌లైన్ తీర్పు ఇవ్వదు, కంపెనీతో మాట్లాడుతుంది.

అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ ఉంది. ఫ్రిజ్ ఎక్కడ కొన్నా, ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోట ఫిర్యాదు చేయవచ్చునని సెక్షన్ 34 చెబుతుంది. 2019 చట్టం తెచ్చిన మార్పులలో సామాన్యునికి ఎక్కువ ఉపయోగపడేది ఇదే. 5 లక్షల రూపాయల వరకు చెల్లించి కొన్న వస్తువు విషయంలో ఫీజు లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. వివాద కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాలలోపు ఫిర్యాదు చేయాలి.

పరీక్షించకుండా లోపం తేలదని కమిషన్ భావిస్తే, వస్తువును తగిన ప్రయోగశాలకు పంపుతుంది. నివేదిక 45 రోజుల్లో రావాలి. ఇందుకయ్యే రుసుమును ముందుగా ఫిర్యాదుదారునే కట్టమనవచ్చు. కేసును 3 నెలల్లో, పరీక్ష అవసరమైతే 5 నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. లోపం రుజువైతే దాన్ని సరిచేయమని, వస్తువు మార్చమని, లేదా ధర తిరిగి ఇమ్మని ఆదేశించవచ్చు. నష్టపరిహారం కూడా ఇప్పించవచ్చు. తయారీలోనే లోపం ఉందన్న వాదనకు కమిషన్లు సాధారణంగా నిపుణుల నివేదిక కోరుతాయి. అది లేనప్పుడు, ఒకే ఫిర్యాదుతో మూడు నాలుగుసార్లు వచ్చి వెళ్లిన జాబ్ షీట్ల వరుస మీ వాదనకు బలమిస్తుంది. సెల్‌ఫోన్‌లో వచ్చే 'కంప్లయింట్ క్లోజ్డ్' సందేశాలను కూడా చెరపవద్దు.

4,500 రూపాయల కోసం కమిషన్‌కు వెళ్లాలా? ఒక్కసారి పాడై, బాగుచేశాక సరిగా నడుస్తుంటే, లేఖ, హెల్ప్‌లైన్ వరకు చాలు అంటాను. సెలవులకు, చార్జీలకు అయ్యేది కూడా ఖర్చే. అదే చోట మళ్లీ కారితే లెక్క మారుతుంది. అప్పుడు వివాదం 4,500కు కాదు, 28,000 రూపాయల వస్తువుకు. సరిగా మరమ్మతు చేయనందుకు సేవాలోపం కూడా తోడవుతుంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. మీ ఇంట్లోని ఒక ఉపకరణం వారంటీ కార్డు తీసి, మొత్తం వస్తువుకు, ఒక్కొక్క భాగానికి గడువు ఎంతో, కూలి, రవాణా ఎవరు భరించాలో రాయండి.

2. పై ఉదాహరణలో రెండవసారి గ్యాస్ కారిన 10 రోజులకు ఆ టీచర్ కంపెనీకి పంపవలసిన ఫిర్యాదు లేఖను ఒక పేజీకి మించకుండా రాయండి. కారిన చోటు, తేదీలు, చెల్లించిన మొత్తం, కోరే పరిహారం అందులో ఉండాలి.