వృక్షవలయములు – గతకాలపు ఉష్ణోగ్రతలు: సాక్ష్యపు విలువ యెంత?

చెట్టు మ్రానును అడ్డముగా కోసినచో ఒకదానిలో నొకటిగా వలయములు కనబడును. శీతల దేశములందు వసంతమున పెరిగిన కొయ్య లేతవన్నెతోను, వేసవి చివర పెరిగినది చిక్కగాను ఉండుటచే సాధారణముగా ఏడాదికొక వలయ మేర్పడును. అమెరికాలో ఏ. ఇ. డగ్లస్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు సూర్యునిలోని మచ్చల ప్రభావమును వెదకుచు ఈ వలయములను పరిశీలించెను. 1929లో అరిజోనాలో దొరకిన యొక పాతదూలము సాయమున అచ్చటి ఆదివాసుల ప్రాచీన గృహముల కాలమును ఆయన నిర్ణయింపగలిగెను. కాలనిర్ణయమున ఈ పద్ధతిని శంకించువారు అరుదు. అవే వలయములు పూర్వపు ఉష్ణోగ్రతను గూడ తెలుపునా అనునది వేరు ప్రశ్న.

ఉష్ణమాపకముల లెక్కలు లోకమున విస్తారముగా లభించునది 19వ శతాబ్ది మధ్యభాగమునుండియే. ఆ లెక్కలతో వలయములను పోల్చి, తేలిన సంబంధమును లెక్కలు లేని శతాబ్దములకు వర్తింపజేయుదురు. కొన్నియేండ్ల లెక్కలను ప్రక్కనుంచి, ఫలితమును వానితో సరిచూచుటయు కలదు.

అయితే వలయపు వెడల్పు వేడిమి నొక్కదానినే అనుసరింపదు. నీరు, నేలసారము, పురుగులు, పొరుగుచెట్ల నీడ, చెట్టు వయస్సు అన్నియు దానిని మార్చును. వయస్సువలన గలుగు భేదమును గణితముచే తొలగింపబోగా, శతాబ్దములపాటు మెల్లగా సాగిన వాతావరణపు మార్పు గూడ తుడిచిపెట్టుకొని పోవచ్చును. అందుచే చలియే పెరుగుదలకు అడ్డమైన ఉత్తరపుటడవులను, పర్వతములపై వృక్షసీమ అంచులను ఎన్నుకొందురు. అచ్చటను వలయము ప్రధానముగా వేసవినే తెలుపును. శీతకాలమును గూర్చి చెప్పునది స్వల్పము. మన గోదావరీ ప్రాంతపు అడవులలోని టేకునకును వార్షిక వలయములు కలవు. కాని అట్టి మండలములందు టేకు వేడిమికంటె వానలనే ఎక్కువగా తెలుపును.

అన్నిటికంటె బలమైన శంక 1998లో కీత్ బ్రిఫా ప్రభృతులు ప్రకటించిన పరిశీలననుండి పుట్టినది. ఉత్తరపుటడవులు పెక్కింట, 20వ శతాబ్ది ఉత్తరార్ధమున ఉష్ణమాపకములు చూపిన వేడిమికి తగినట్లు వలయముల వెడల్పుగాని, కొయ్య సాంద్రతగాని పెరుగలేదు. అనావృష్టి, వాయుకాలుష్యము, సూర్యకాంతి తగ్గుట మున్నగు కారణములు సూచింపబడినవి. నేటి వేడిమిని సరిగా తెలుపని చెట్టు పూర్వపు వేడిమిని సరిగా తెలిపెనని యెట్లు నమ్మవలెను?

1999లో మైకేల్ మాన్ ప్రభృతులు చెట్లు మున్నగు సాక్ష్యములతో ఉత్తరార్ధగోళపు వేయియేండ్ల ఉష్ణోగ్రతలను గీచి చూపగా, స్టీఫెన్ మెకింటైర్, రాస్ మెకిట్రిక్ 2003, 2005 సంవత్సరములలో ఆ గణితమును విమర్శించిరి. అమెరికా జాతీయ పరిశోధక మండలి సంఘము 2006లో దీనిని విచారించెను. గత 400 ఏండ్ల విషయమున గట్టి నమ్మకమును, 900–1600 నడిమి కాలమున తక్కువ నమ్మకమును, అంతకు పూర్వము మిక్కిలి స్వల్పమగు నమ్మకమును అది ప్రకటించెను. బెరడు చాలవరకు ఊడి పేలికవలె మిగిలిన చెట్లను ఇట్టి గణనలలో వాడరాదని గూడ సూచించెను.

ఈ శంకకును ఒక హద్దు కలదు. ఇటీవలి భూతాపము ఉష్ణమాపకములచే కొలువబడినది. దానికి చెట్ల సాక్ష్య మక్కరలేదు. పూర్వకాలమునకును మంచుపొరలు, పగడములు, సరస్సుల అడుగుమన్ను వేరువేరు సాక్షులుగా నున్నవి. శిథిల శాసనమును చదువు పండితుడు స్పష్టమగు అక్షరములను గ్రహించి, అరిగినచోట తన ఊహను ఊహగానే గుర్తించును. వృక్షవలయములను చదువుటలోను ఆ నియమమే పాటింపదగినది.